ఉప్పునీటి ట్యాంకుకి పంపు నీళ్ళా, ఆర్ఓ నీళ్ళా: ముందు రోజూ పోసే మూడు లీటర్ల లెక్క చూడండి

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు, ఏడాదిన్నరగా నడుస్తోంది. రెండు క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య, నాలుగైదు నత్తలు, కొంత లైవ్ రాక్ (బాక్టీరియా పట్టిన సముద్రపు రాళ్ళు). పంపు నీళ్ళలో క్లోరిన్ పోగొట్టే మందు వేసి వాడుతున్నారు. నెలకోసారి 40 లీటర్లు మారుస్తున్నారు, ఆవిరైపోయినదానికి రోజూ 3 లీటర్ల దాకా పోస్తున్నారు. పంపు నీళ్ళలో నైట్రేట్ లీటరుకి 10 మిల్లీగ్రాములు చూపిస్తోంది, ట్యాంకులో 40. రాళ్ళ మీద పచ్చటి పీచు నాచు ఎంత పీకినా మళ్ళీ వస్తోంది. ఇప్పుడు పగడాలు పెట్టాలని ఉంది, అందుకని శుద్ధి చేసిన నీళ్ళకి మారాలా, ఇంట్లో తాగే నీళ్ళ ప్యూరిఫయర్ సరిపోతుందా, లేక ఈ మందుతోనే నెట్టుకురావచ్చా అని అడిగారు.

పగడాలు పెడతానంటే మారండి, అది కూడా ఆర్ఓ (సన్నటి పొర గుండా నీళ్ళని నెట్టి శుద్ధి చేసేది) ఒక్కటే కాదు, దాని వెనకాల డీఐ (మిగిలినదాన్ని పట్టుకునే రెసిన్ గొట్టం) ఉన్న యూనిట్‌కి. పద్నాలుగేళ్ళుగా ఉప్పునీటి ట్యాంకులు పెంచుతున్నాను, అందులో మొదటి మూడేళ్ళు పంపు నీళ్ళతోనే నడిపాను కాబట్టి రెండు పక్కలా చూసిన మాటే చెబుతున్నాను. కానీ ఎందుకు మారాలో తెలియకుండా మారితే యూనిట్ కొన్నాక కూడా అవే తప్పులు జరుగుతాయి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అందరూ నీళ్ళ నాణ్యత అనగానే వాటర్ ఛేంజ్ (పాత నీళ్ళు కొన్ని తీసి కొత్తవి పోయడం) గురించే ఆలోచిస్తారు. అసలు బరువంతా టాప్-అప్ మీద, అంటే ఆవిరైనదానికి బదులు రోజూ పోసే నీళ్ళ మీద ఉంది. ట్యాంకులోంచి ఆవిరయ్యేది నీళ్ళు మాత్రమే. ఉప్పు, నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్, రాగి, ఏదీ ఆవిరి కాదు. రోజూ 3 లీటర్ల పంపు నీళ్ళు పోస్తే ఆ 3 లీటర్ల నీళ్ళు గాల్లో కలిసిపోతాయి, వాటితో వచ్చిన సరుకంతా మీ ట్యాంకులో దిగి అక్కడే ఉండిపోతుంది. పాలు మరిగించి కోవా చేసినట్టే, పోస్తూ మరిగిస్తూ పోతే అడుగున చిక్కబడేది ఏమిటో అదే మీ ట్యాంకులోనూ చిక్కబడుతుంది.

మీ అంకెలతోనే లెక్క వేద్దాం. రోజుకి 3 లీటర్లంటే నెలకి 90 లీటర్లు. లీటరుకి 10 మిల్లీగ్రాముల నైట్రేట్ చొప్పున 900 మిల్లీగ్రాములు, దాన్ని 200 లీటర్లకి పంచితే నెలకి 4.5 పెరుగుతుంది. వాటర్ ఛేంజ్‌కి వాడే 40 లీటర్లతో ఇంకో 400 మిల్లీగ్రాములు, అంటే మరో 2. మొత్తం నెలకి 6.5 లోపలికి వస్తోంది. బయటికి పోయేది ఆ నెలకోసారి తీసే 40 లీటర్లతోనే, అంటే ఉన్నదాంట్లో అయిదో వంతు. లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ ఎక్కడ సమానమవుతాయో చూస్తే 32.5 దగ్గర ఆగుతుంది. ఏడాది తిరిగేసరికి దాదాపు ఆ అంకెకి చేరిపోతారు. మీ ట్యాంకులో కనిపిస్తున్నది 40. నాచు తినేది, రాళ్ళలోని బాక్టీరియా తీసేది కొంత ఉంటుంది కాబట్టి ఈ లెక్క పైసాతో సహా సరిపోదు, కానీ సంగతి మాత్రం తేలిపోయింది: మీరు చేపలకి తిండి ఎక్కువ వేస్తున్నానేమో అని బాధపడుతున్నారు, నిజానికి ఆ 40లో ఎక్కువ భాగం కుళాయిలోంచే వస్తోంది.

ఇదే లెక్కలో టాప్-అప్ ఒక్కటీ శుద్ధమైన నీళ్ళతో చేసి, వాటర్ ఛేంజ్ మాత్రం పంపు నీళ్ళతోనే కొనసాగిస్తే కుళాయి వాటా 10 దగ్గర ఆగుతుంది. దాన్ని తిప్పి, వాటర్ ఛేంజ్ శుద్ధమైన నీళ్ళతో, టాప్-అప్ పంపు నీళ్ళతో చేస్తే 22.5. చాలామంది రెండోదే చేస్తారు, ఉప్పు కలిపే నీళ్ళకే మర్యాద ఎక్కువ కదా అని. నీళ్ళు సరిపడా దొరకని రోజుల్లో ముందు టాప్-అప్‌కి కేటాయించండి. వారం వారం ఎక్కువ నీళ్ళు మార్చేవాళ్ళకి ఈ తేడా తగ్గుతుంది, మీలా నెలకోసారి మార్చేవాళ్ళకి మాత్రం ఇది పెద్ద తేడానే. ఇంకో మాట, పంపు నీళ్ళలో 10 ఉన్నంతకాలం మీరు రోజూ నీళ్ళు మార్చినా ట్యాంకు 10 కిందికి దిగదు. వాటర్ ఛేంజ్‌తో నైట్రేట్ తగ్గట్లేదని చాలామంది అడుగుతుంటారు, చాలాసార్లు కారణం బకెట్లోనే ఉంటుంది.

"మేం తాగే నీళ్ళే కదా, మనిషికి మంచివైతే చేపకి ఎందుకు పనికిరావు" అని మీరు రాశారు. న్యాయమైన ప్రశ్న. తాగే నీళ్ళకి పెట్టిన హద్దులు మనిషి ఒంటిని చూసి పెట్టినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం తాగే నీళ్ళలో నైట్రేట్ లీటరుకి 50 మిల్లీగ్రాముల దాకా, రాగి 2 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. ఇప్పుడు ఇంకో పక్క చూడండి. సముద్రపు చేపలకి తెల్లమచ్చల జబ్బు వస్తే విడిగా ఆస్పత్రి ట్యాంకులో పెట్టి రాగి మందు వేస్తాం కదా, మామూలు కాపర్ సల్ఫేట్ రకం మందులకి ఆ మోతాదు లీటరుకి 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు. ఆ కాస్త రాగికే పరాన్నజీవి చస్తుంది, దానితోపాటు రొయ్యలు, నత్తలు, పగడాలు కూడా. అందుకే ఆ మందు అసలు ట్యాంకులో వేయకూడదంటారు. మనిషికి పూర్తిగా క్షేమమైన నీళ్ళలో ఆ మోతాదుకి పదింతల రాగి ఉన్నా నిబంధన ప్రకారం అవి మంచి నీళ్ళే.

దీన్ని నేను నా మొదటి ట్యాంకులో కళ్ళారా చూశాను. చలిరోజులు, ఉప్పు కలపడానికి పట్టిన నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయని, హీటర్ పెట్టి ఆగే ఓపిక లేక, గీజర్ కుళాయి తిప్పి గోరువెచ్చటి నీళ్ళు సగం బకెట్ కలిపాను. ఆ ఇంట్లో వేడినీళ్ళ లైను రాగి గొట్టం. రాత్రంతా గొట్టంలో, గీజర్లో నిలిచిన నీళ్ళు అవి. మందు వేశాను, ఉప్పు కలిపాను, కొలిచాను, అంతా సరిగ్గానే ఉంది. మర్నాడు పొద్దున లైటు వేసేసరికి రెండు నత్తలు ఇసుక మీద వెల్లకిలా పడి ఉన్నాయి. తిప్పి అద్దానికి ఆనిస్తే కాలు కొంచెం బయటికి తీస్తాయి కానీ పట్టు లేదు, జారి మళ్ళీ కింద పడతాయి. క్లీనర్ రొయ్య తెల్లటి మీసాలు ఎప్పుడూ ఒక రాతి కింద నుంచి బయటికి వచ్చి ఊగుతుండేవి, ఆ రోజు ఊగలేదు. చేపలు మాత్రం ఏమీ ఎరగనట్టు తిండికి పైకి వచ్చాయి. దాంతో నీళ్ళ తప్పు కాదేమో, నత్తలకి వేరే జబ్బేమో అని రెండు రోజులు పోగొట్టుకున్నాను. చివరికి లోహాలు పీల్చే ప్యాడ్ ఒకటి ఫిల్టర్లో పెడితే అది మెల్లగా నీలంగా మారింది, అప్పుడు అర్థమైంది రాగి అని. రొయ్య దక్కలేదు. రాగి అంతటితో పోదు కూడా, రాళ్ళకీ ఇసుకకీ పట్టుకుని తర్వాత కొంచెం కొంచెంగా వదులుతుంది, చాలా నెలల దాకా ఆ ట్యాంకులో నేను తెచ్చిన నత్తలేవీ నిలవలేదు. మీరు ఏ నీళ్ళు వాడినా ఇదొక్కటి మాత్రం వినండి, వేడినీళ్ళ కుళాయి నుంచి ట్యాంకుకి నీళ్ళు పట్టొద్దు. చల్ల నీళ్ళు కూడా రాత్రంతా గొట్టంలో నిలిచినవి వదిలేసి రెండు నిమిషాలు పారనిచ్చాకే పట్టండి.

క్లోరిన్ సంగతి మీకు తెలుసు కాబట్టి ఎక్కువ రాయను, ఒక రోజు గాలి పంపు పెట్టి ఉంచినా పోతుంది, మందు వేసినా పోతుంది. క్లోరమైన్ అలా కాదు. కొన్నిచోట్ల నీటి సరఫరాలో క్లోరిన్‌కి అమ్మోనియా కలిపి క్లోరమైన్‌గా వాడతారు, ఎందుకంటే అది గొట్టాల్లో ఎక్కువ దూరం నిలుస్తుంది. నిలవడం కోసమే వేసింది కాబట్టి గాలి పంపుకి సులువుగా లొంగదు. మామూలు సోడియం థయోసల్ఫేట్ మందు వేస్తే క్లోరిన్ ముక్క విరుగుతుంది, అమ్మోనియా ముక్క నీళ్ళలో మిగిలిపోతుంది. లీటరుకి 3 మిల్లీగ్రాముల క్లోరమైన్ విరిగితే అర మిల్లీగ్రాము పైనే అమ్మోనియా వస్తుంది. ఉప్పునీటి ట్యాంకు పీహెచ్ 8 పైన ఉంటుంది, పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం పెరుగుతుంది, కాబట్టి మంచినీటి ట్యాంకులో పెద్దగా పట్టించుకోని అమ్మోనియా ఇక్కడ పట్టించుకోవాల్సి వస్తుంది. మీ మందు సీసా మీద అమ్మోనియాని కూడా పట్టుకుంటుందని రాసి ఉందో లేదో చూడండి. మీ నీళ్ళలో ఏది ఉందో తెలియాలంటే ఫ్రీ క్లోరిన్, టోటల్ క్లోరిన్ రెండూ చూపే స్ట్రిప్ కొనండి. ఫ్రీ సున్నా చూపించి టోటల్ పైకి చూపిస్తే అది క్లోరమైన్. ఫ్రీ క్లోరిన్ ఒక్కటే కొలిచే కిట్ వాడితే మీరు అంతా బాగుందనే అనుకుంటారు.

మందు నైట్రేట్‌నీ, ఫాస్ఫేట్‌నీ, సిలికేట్‌నీ తీయదు. ఇది మీరు అడిగిన మూడో ప్రశ్నకి జవాబు. అది చేసే పని వేరు, మీకున్న సమస్య వేరు. గొట్టాలు తుప్పుపట్టకుండా కొన్ని సరఫరా సంస్థలు ఫాస్ఫేట్ కావాలనే కలుపుతాయి, అది తాగేవాళ్ళకి ఏ హానీ చేయదు, మీ పీచు నాచుకి మాత్రం ఎరువు.

ఇక ఇంట్లో తాగే నీళ్ళ ప్యూరిఫయర్. అందులో ఆర్ఓ మెంబ్రేన్ ఉంటుంది, నిజమే. కానీ తాగే నీళ్ళు మరీ చప్పగా ఉండకూడదని మెంబ్రేన్ తర్వాత చాలా మోడళ్ళలో మినరల్ కార్ట్రిడ్జ్ పెడతారు, లేదా టీడీఎస్ (నీళ్ళలో కరిగిన పదార్థాల మొత్తం) సర్దే చిన్న నాబ్ ఉంటుంది, ఆ నాబ్ చేసే పని మెంబ్రేన్ దాటని నీళ్ళని కొంచెం తెచ్చి శుద్ధి అయిన నీళ్ళలో కలపడమే. అంటే తీసేసిన నైట్రేట్‌లో కొంత మళ్ళీ వెనక్కి వస్తోంది. కుళాయి దగ్గర టీడీఎస్ మీటర్ పెట్టి చూడండి, 50, 80, 100 కనిపిస్తే కారణం ఇదే. మెంబ్రేన్ బయటికి వచ్చే సన్నటి పైపు దగ్గర, మినరల్ కార్ట్రిడ్జ్‌కి ముందే ఒక టీ జాయింట్ వేసి నీళ్ళు పట్టుకుని, ఆ లైనుకి విడిగా ఒక డీఐ గొట్టం తగిలిస్తే ఆ ప్యూరిఫయరే పనికొస్తుంది. చేతనైన పనే, నేను ఇద్దరికి చేసిపెట్టాను. కాకపోతే ఇంట్లోవాళ్ళు తాగే నీళ్ళకీ ట్యాంకు నీళ్ళకీ ఒకే యంత్రం అంటే రోజూ పేచీ, మీకు నెలకి 130 లీటర్లు కావాలి. అందుకే విడి యూనిట్ మంచిదంటాను.

బాటిల్ నీళ్ళు వద్దు, రుచి కోసం ఖనిజాలు కలిపి ఉంటాయి, ఏది ఎంతో మీ చేతిలో ఉండదు. ఆవిరి పట్టి చల్లార్చిన డిస్టిల్డ్ నీళ్ళు నిస్సందేహంగా వాడొచ్చు, కానీ నెలకి అన్ని లీటర్లు మోసుకురావడం ఎవరి వల్లా కాదు. వాటర్ సాఫ్ట్‌నర్ కాల్షియం తీసి ఆ చోట సోడియం పెడుతుంది అంతే, నైట్రేట్‌ని ముట్టుకోదు, మీ పనికి అది శుద్ధి కిందికి రాదు. మరిగించడం ఇంకా తప్పు, క్లోరిన్ పోతుంది కానీ నీళ్ళు తగ్గి మిగతాదంతా చిక్కబడుతుంది.

ఆర్ఓ డీఐ యూనిట్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే దాన్ని కాపాడుకోవడం తేలిక. ముందు మట్టి, తుప్పు ఆపే సెడిమెంట్ ఫిల్టర్, తర్వాత క్లోరిన్ తినే కార్బన్ బ్లాక్, ఆ తర్వాత మెంబ్రేన్, చివర డీఐ రెసిన్. మెంబ్రేన్ కరిగిన పదార్థాల్లో 95 నుంచి 98 శాతం దాకా ఆపుతుంది. మీ పంపు నీళ్ళ టీడీఎస్ 280 అన్నారు, మంచి మెంబ్రేన్ అయితే దాటాక 6 నుంచి 14 మధ్య చూపించాలి. మిగిలినదాన్ని రెసిన్ పట్టుకుని సున్నాకి తెస్తుంది. మెంబ్రేన్ దాటాక 14 కాకుండా 7 వస్తే రెసిన్ దాదాపు రెట్టింపు కాలం వస్తుంది, అందుకే మెంబ్రేన్ దగ్గర పిసినారితనం చేయకండి. మెంబ్రేన్‌కి పెద్ద శత్రువు క్లోరిన్, కార్బన్ అయిపోయాక అలాగే నడిపితే మెంబ్రేన్ లోపల్లోపల పాడైపోతుంది. కార్బన్ పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి వేస్ట్ పైపులోంచి వచ్చే నీళ్ళలో క్లోరిన్ స్ట్రిప్ ముంచి చూడండి, ఆ నీళ్ళు కార్బన్ దాటి వచ్చినవే, అక్కడ క్లోరిన్ కనబడిందంటే ఆ రోజే కార్బన్ మార్చాలి. నీటి ఒత్తిడి తక్కువైతే నీళ్ళు తక్కువ రావడమే కాదు, శుద్ధి కూడా సరిగ్గా జరగదు. గేజ్ 50 పీఎస్ఐ కన్నా తక్కువ చూపిస్తుంటే బూస్టర్ పంపు పెట్టించండి. యూనిట్ మీద రోజుకి 75 గ్యాలన్లు, అంటే సుమారు 280 లీటర్లు అని రాసి ఉన్నా అది 25 డిగ్రీల నీళ్ళకి, తగిన ఒత్తిడికి చెప్పిన మాట, చల్ల నీళ్ళతో అంత రాదు.

వేస్ట్ నీళ్ళ గురించి మీకు బాధగా ఉందని రాశారు, నాకూ ఉంటుంది. లీటరు మంచి నీళ్ళకి మూడు, నాలుగు లీటర్లు పక్కకి పోతాయి, మీ 130 లీటర్లకి నెలకి 390 నుంచి 520 లీటర్ల దాకా పోతాయి. కానీ అవి మురికి నీళ్ళు కావు, ఉప్పు నీళ్ళూ కావు, కాస్త గాఢమైన పంపు నీళ్ళే, మెంబ్రేన్ ముందే క్లోరిన్ కూడా పోయింది. ఆ పైపుని డ్రైనేజీలోకి వదలకుండా ఒక డ్రమ్ములోకి తిప్పండి. నేల తుడవడానికి, బట్టలు నానబెట్టడానికి, టాయిలెట్‌కి వాడండి. నేను ఒక్క రోజు కూడా కాలువలోకి వదలను.

ఒక అలవాటు చేసుకోండి. యూనిట్ ఆగి ఉన్నప్పుడు మెంబ్రేన్ రెండు పక్కలా ఉన్న పదార్థాలు మెల్లగా సమానమవుతుంటాయి, అందుకే ఆన్ చేసిన మొదటి నిమిషాల్లో వచ్చే నీళ్ళ టీడీఎస్ చాలా ఎక్కువ ఉంటుంది. గంటకోసారి లీటరు, రెండు లీటర్లు పట్టుకునేవాళ్ళ రెసిన్ ఇట్టే అయిపోతుంది, తప్పు రెసిన్ మీదికి తోస్తారు. వారానికి ఒకటి రెండుసార్లు 30, 40 లీటర్లు ఒకేసారి పట్టండి, మొదటి కొద్ది నిమిషాల నీళ్ళు రెసిన్‌లోకి పోకుండా పక్కకి తిప్పేయండి.

టీడీఎస్ మీటర్ని నమ్మండి, మరీ గుడ్డిగా వద్దు. అది కొలిచేది నీళ్ళు కరెంటుని ఎంత తేలిగ్గా పోనిస్తాయో, అంతే. 300 చూపిస్తే అందులో ఎక్కువ భాగం హాని చేయని కాల్షియం కావచ్చు, 20 చూపించినా అందులో మీ నత్తల్ని చంపేంత రాగి ఉండొచ్చు, ఎందుకంటే 0.3 మిల్లీగ్రాముల రాగి మీటర్ ముల్లుని కదిలించదు. సిలికేట్ అయితే మీటర్‌కి దాదాపు కనబడనే కనబడదు. ఒకసారి నా ట్యాంకులో ఏళ్ళ తర్వాత ఇసుక మీద గోధుమరంగు పొర మొదలైంది, పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ సన్నగా పరుచుకునేది, వేలితో రాస్తే పొడిలా లేచిపోయేది. డయాటమ్స్ (సిలికాతో పెరిగే సూక్ష్మ నాచు) అని తెలుస్తూనే ఉంది, కానీ మీటర్ సున్నా, ఒకటి మధ్యే ఉంది, నీళ్ళని అనుమానించలేదు. లైట్లు తగ్గించాను, తిండి తగ్గించాను, ఏం చేసినా పోలేదు. అసలు సంగతి రెసిన్. నిండిపోయే దశకి వచ్చిన రెసిన్ ముందుగా వదిలేసేది తను బలహీనంగా పట్టుకున్నవాటిని, వాటిలో సిలికా మొదటి వరసలో ఉంటుంది. మీటర్ ఇంకా సున్నా చూపిస్తుండగానే సిలికా దాటిపోతోంది. రెసిన్ మార్చాక కొన్ని వారాల్లో ఆ పొర పోయింది. అప్పటి నుంచి నేను రెండు డీఐ గొట్టాలు వరసగా పెట్టుకుంటున్నాను, మొదటి దాని రంగు మారి మూడు వంతులకి రాగానే దాన్ని తీసేసి రెండో దాన్ని ముందుకి జరిపి కొత్తది వెనక పెడతాను. మీకూ అదే చెబుతాను.

మీరు యూనిట్ పెట్టిన మొదటి రోజే ఒక టెన్షన్ వస్తుంది, ఇప్పుడే చెబుతున్నాను. ఆ నీళ్ళలో పీహెచ్ కొలిస్తే 5.5, 6 అని చూపిస్తుంది, యాసిడ్ నీళ్ళు పోస్తున్నానా అని భయపడతారు. వద్దు. అందులో ఏమీ లేదు కాబట్టి గాల్లోని కార్బన్ డయాక్సైడ్ కొంచెం కరిగినా అంకె కిందికి పడిపోతుంది, అది ట్యాంకులో పడగానే ఆ ఉప్పునీటి బలం ముందు దానికి ఏ ప్రభావమూ ఉండదు. పీహెచ్ పెంచే మందు వేసి పాడుచేయకండి. అలాగే "అన్నీ తీసేస్తే పగడాలకి కావలసిన ఖనిజాలు ఎక్కడి నుంచి వస్తాయి" అంటారు. ఉప్పులోంచి వస్తాయి. సముద్రపు ఉప్పు మిక్స్ తయారుచేసేవాళ్ళు ఖాళీ నీళ్ళలో కలుపుతారన్న లెక్కతోనే తయారుచేస్తారు, కాల్షియం లీటరుకి 400 మిల్లీగ్రాముల పైన, మెగ్నీషియం 1300 దగ్గర, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా నిలబెట్టే గుణం) సరిపడా వచ్చేట్టు. సున్నం ఎక్కువున్న గట్టి నీళ్ళలో కలిపితే ఈ పాళ్ళు తప్పి, కొంత సున్నంగా మారి హీటర్ మీద, పంపు లోపల తెల్లగా పేరుకుంటుంది. మీ పంపు ఇంపెల్లర్ మీద పేరుకుందన్న తెల్లటి పెంకు చాలావరకు అదే అయి ఉంటుంది.

నిల్వ సంగతి. ఆహారానికి వాడే ప్లాస్టిక్ డ్రమ్ములో, మూతపెట్టి ఉంచండి. ఇత్తడి కుళాయి, రాగి గొట్టం ఏదీ ఆ నీళ్ళకి తగలకూడదు, ఖాళీగా ఉన్న నీళ్ళు లోహాన్ని ఇంకా తొందరగా కరిగించుకుంటాయి. యూనిట్ పైపుని నేరుగా ట్యాంకుకి తగిలించి ఫ్లోట్ వాల్వ్‌ని నమ్ముకోవద్దు, ఒక్క రాత్రి వాల్వ్ ఇరుక్కుంటే పొద్దున్నకి నేల మీద నీళ్ళు, ట్యాంకులో పడిపోయిన ఉప్పుశాతం. మధ్యలో 20 లీటర్ల డబ్బా ఒకటి పెట్టండి, ఎంత పొంగినా అంతే పొంగుతుంది. టాప్-అప్‌కి ఎప్పుడూ ఉప్పులేని నీళ్ళే, దీన్ని తప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి రాస్తున్నాను. వాటర్ ఛేంజ్‌కి 40 లీటర్ల నీళ్ళలో సుమారు 1.4 నుంచి 1.5 కిలోల ఉప్పు పడుతుంది, నీళ్ళలో ఉప్పు వేయాలి, ఉప్పు మీద నీళ్ళు పోయకూడదు, పంపుతో తిప్పుతూ ఒక రోజు వదిలేసి, ఉప్పుశాతం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో వెయ్యికి 35 ఉందని చూసుకున్నాకే వాడండి.

పంపు నీళ్ళు అసలు పనికిరావు అని నేను అనను. చేపలు మాత్రమే ఉన్న ట్యాంకు, గొట్టాలన్నీ ప్లాస్టిక్, కుళాయిలో నైట్రేట్ 5 లోపు, ఫాస్ఫేట్ కిట్‌కి దొరకనంత తక్కువ, అలాంటప్పుడు సరైన మందు వేసి ఏళ్ళ తరబడి నడిపినవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళ చేపలు నిగనిగలాడుతూ ఉన్నాయి. కానీ సరఫరా నీళ్ళు ఏడాది పొడుగునా ఒకేలా ఉండవు, వానలు పడ్డప్పుడు ఒకలా, ఎండల్లో ఒకలా, క్లోరిన్ ఎక్కువ కొట్టిన రోజు ఇంకోలా. పోయిన నెల కిట్‌లో చూసిన అంకె ఈ నెల బకెట్‌కి హామీ కాదు. మీకు ఇప్పటికే రొయ్య, నత్తలు ఉన్నాయి, కుళాయిలో నైట్రేట్ 10 ఉంది, పగడాలు కావాలంటున్నారు. ఈ మూడూ కలిపి చూస్తే మీ ట్యాంకు ఆ కోవలోకి రాదు.

మారేటప్పుడు తొందర వద్దు. మొదటి రోజు నుంచే టాప్-అప్ మొత్తం డీఐ నీళ్ళతో చేయండి, దాని వల్ల ఏ జీవికీ దెబ్బ తగలదు. వాటర్ ఛేంజ్ మాత్రం ఒకేసారి సగం ట్యాంకు తీసేయకుండా, నెలకి 40 లీటర్ల బదులు వారానికి 20 చొప్పున రెండు నెలలు చేయండి. పది శాతం చొప్పున ఎనిమిది మార్పులకి పాతది 43 శాతం మిగులుతుంది, మీ 40 ఆ లెక్కన 20 దరిదాపులకి రావాలి. నాచు మాత్రం నైట్రేట్ తగ్గినంత తొందరగా తగ్గదు, దానికి సిద్ధపడండి. ఏడాదిన్నరగా వచ్చిన ఫాస్ఫేట్ రాళ్ళ లోపల పట్టి ఉంది, నీళ్ళలో తగ్గగానే రాళ్ళు వదలడం మొదలుపెడతాయి, అందుకే నీళ్ళు మార్చిన మొదటి వారాల్లో కిట్‌లో ఫాస్ఫేట్ తగ్గినట్టే తగ్గి మళ్ళీ పైకి వస్తుంది. యూనిట్ పనిచేయట్లేదని ఆ దశలోనే చాలామంది నిరాశపడతారు. ఆ వారాల్లో పీచుని చేత్తో పీకి బయట పడేయండి, నీళ్ళలో తేలనివ్వకండి, మీరు పీకిన ప్రతి పిడికెడుతో కొంత ఫాస్ఫేట్ బయటికి పోతుంది. స్కిమ్మర్ (నురగతో మురికిని లాగే పరికరం) కప్పు నిండకముందే కడగండి.

పగడాల విషయానికి వస్తే, నైట్రేట్ 15 కిందికి దిగి, వరసగా మూడు వారాలు ఫాస్ఫేట్ 0.1 లోపు నిలిచి, నత్తలు అద్దం మీద గట్టిగా పట్టుకుని తిరుగుతున్నాయని చూశాక ఒక్క మష్రూమ్ కోరల్ గానీ, చిన్న జోయాంథిడ్ ముక్క గానీ తెచ్చి పెట్టండి. దాన్ని ఒక నెల చూడండి. అంతకంటే ముందే ఏదైనా తేడా కనబడితే మెంబ్రేన్ దాటాక ఎంత, డీఐ దాటాక ఎంత, కుళాయిలో టోటల్ క్లోరిన్ ఎంత, ఈ మూడు అంకెలు రాసి పంపండి, ఫొటో కన్నా అవే నాకు ఎక్కువ చెబుతాయి.